సాయంత్రం పూటే ఫోకస్ పోయే ఎఫ్80: ఒక కేస్ స్టడీ

ఫిల్మ్ ఎస్ఎల్ఆర్‌లు (లోపలి అద్దం ద్వారా లెన్సులోంచే చూసి తీసే ఫిల్మ్ కెమెరాలు) మళ్ళీ రిపేర్‌కి రావడం మొదలయ్యాక నా టేబుల్ మీదకి ఎక్కువగా వచ్చే కంప్లైంట్ ఒకటే, "ఫోకస్ సరిగా పడట్లేదు". వాటిలో చాలా కెమెరాలకి ఏ రోగమూ ఉండదు, సెట్టింగ్ తేడా అంతే. కొన్నిట్లో నిజంగా ఏదో ఉంటది. ఈ కేస్‌లో రెండూ ఒకే కెమెరాలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నయి, ఒకటి తీస్తే గానీ రెండోది కనపడలేదు, అందుకని రాస్తున్నా. మనిషి పేరు, ఊరు పేరు రాయట్లేదు, ఇంటి వివరాలు ఒకటి రెండు మార్చా, కెమెరా సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

కెమెరా, దాని మనిషి

కుర్రాడిది ప్రకాశం జిల్లా, ఇంట్లో ఒంగోలు గిత్తలు ఉన్నయి, బండలాగుడు పందాలకి వెళ్తుంటారు. మేనమామకి ఒకప్పుడు స్టూడియో ఉండేది, అది మూసేశాక కెమెరా బీరువాలో ఏళ్ళ తరబడి పడుంది. ఈ అబ్బాయి దాన్ని బయటికి తీసి, ఫిల్మ్ తెప్పించుకుని, గిత్తల ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. నికాన్ ఎఫ్80 బాడీ, 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్సు, ఇంకోటి 28-80 జూమ్.

ఎఫ్80 తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. 2000లో వచ్చింది, డిజిటల్ వచ్చి ఊడ్చేసే ముందు తయారైన చివరి బ్యాచ్ ఫిల్మ్ ఆటోఫోకస్ బాడీల్లో ఒకటి. 5 ఫోకస్ పాయింట్లు, మధ్యది మాత్రమే క్రాస్ టైపు, అంటే నిలువు గీతల్నీ అడ్డ గీతల్నీ రెండిటినీ పట్టేది. షట్టర్ 30 సెకన్ల నించి 1/4000 దాకా, ఫ్లాష్ సింక్ 1/125, రెండు సీఆర్123ఏ బ్యాటరీలు. ఎంత మందం క్లియర్‌గా వస్తదో ముందే చూపించే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ ఉంది, వ్యూఫైండర్లో కావాలంటే గ్రిడ్ గీతలు వస్తయి, లెన్సు తిప్పే మోటారు బాడీలోనే ఉంది కాబట్టి పాత ఏఎఫ్-డి (ఏఎఫ్ అంటే ఆటోఫోకస్) లెన్సులన్నీ దీంట్లో ఫోకస్ అవుతయి. షట్టర్ బటన్లో మరలు ఉన్న చిల్లు ఉంటది, పాత కాలపు మెకానికల్ కేబుల్ రిలీజ్ అందులో బిగించొచ్చు, ఈ ఒక్క దానికే నాకు ఈ బాడీ అంటే ముద్దు. ఇదే బాడీ మీద ఫుజి వాళ్ళు ఎస్2 ప్రో అనే డిజిటల్ కెమెరా కట్టారు, అప్పట్లో అవి కూడా విప్పాను కాబట్టి లోపల ఏది ఎక్కడుందో చేతికి అలవాటే.

మనోడి చేతికి వచ్చేటప్పటికి వెనక తలుపు రబ్బరు కోటింగ్ జిగటగా కారిపోయి ఉంది. ఈ వయసు కెమెరాల్లో అది మామూలే, స్పిరిట్‌తో తుడిస్తే పోద్ది. కానీ బయట రబ్బరు అట్టా అయిందంటే లోపల ఫోమ్ కూడా అదే దారిలో ఉంటదని మనసులో ఒక మూల పెట్టుకున్నా.

వచ్చిన కంప్లైంట్

"బాబాయ్, పగలు తీసినయ్యి బ్రహ్మాండంగా ఉంటన్నయ్యి, సాయంత్రం తీసినయ్యే పోతన్నయ్యి. పచ్చ చుక్క వెలుగుతానే ఉంది, చుక్క వెలిగినాకే నొక్కతన్నా."

పచ్చ చుక్క అంటే ఫోకస్ దొరికిందని వ్యూఫైండర్లో వెలిగే గుర్తు. నా దగ్గరికి రాకముందే ఇద్దరికి చూపించాడు. ఒకాయన లెన్సు పోయిందన్నాడు, దాంతో ఇంకో 50 ఎంఎం కొన్నాడు పాపం, తేడా ఏం లేదు. రెండో ఆయన ఏఎఫ్ సెన్సార్ వీక్ అయింది, వెలుతురు తగ్గితే పట్టట్లేదు అన్నాడు. వినడానికి ఈ రెండో మాట బాగానే ఉంది, సాయంత్రమే పోతున్నయి కదా. నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. ఎఫ్80 ఏఎఫ్ ఐఎస్ఓ 100 లెక్కన ఈవీ -1 (ఈవీ అంటే వెలుతురు కొలత, అంకె తగ్గే కొద్దీ చీకటి) దాకా పనిచేస్తదని స్పెసిఫికేషన్, పొద్దు గూకినాక దొడ్లో ఉండే వెలుతురు దానికి చాలా పైనే ఉంటది. పైగా వెలుతురు చాలక ఓడిపోయే ఆటోఫోకస్ ఎట్టా ఓడిపోద్దో అందరం చూసిందే, లెన్సు ముందుకీ వెనక్కీ గిరగిరా తిరుగుద్ది, చుక్క మిణుకు మిణుకుమంటది, సింగిల్ సర్వో అనే సెట్టింగ్‌లో అయితే షట్టరే పడదు. ఈ కెమెరా అట్టా కాదు, టక్కున పట్టి, చుక్క గట్టిగా వెలిగించి, ధైర్యంగా తప్పు చెప్తోంది.

ప్రింట్లు కాకుండా నెగటివ్‌లే తెమ్మన్నా. 4x6 ప్రింట్లో చాలా దాక్కుంటది. లైట్ బాక్స్ మీద పెట్టి లూప్ (చిన్న భూతద్దం)తో చూస్తే చెడిన ఫ్రేములు ఒకే రకం కాదు, రెండు రకాలు. కొన్నిట్లో గిత్త ముఖానికి ముందున్న పగ్గం, పట్టుకున్నోడి చెయ్యి క్లియర్, ముఖం మసక. ఇంకొన్నిట్లో కన్ను మీద పెట్టానన్నాడు, చెవి, మూపురం క్లియర్, కన్ను మసక. గిత్త ముఖం ముందు నించి తీస్తే మూతి, కన్ను, చెవి, మూపురం వరసగా వెనక్కి పోతయి కాబట్టి ఫోకస్ ఎక్కడ పడిందో స్కేలు పెట్టి కొలిచినట్టు తెలిసిపోద్ది. మనుషుల ఫోటోలైతే ఇంత తేలిగ్గా దొరికేది కాదు.

ముందుకి తప్పేవి, వెనక్కి తప్పేవి రెండూ ఉన్నయి అంటే ఒకే కారణం అనుకోవడం కష్టం. అందుకని విడివిడిగా చూద్దామనుకున్నా.

మొదట సెట్టింగ్, ఎందుకంటే ఖర్చు లేదు కాబట్టి

లెన్సు పక్కన ఉండే సీ, ఎస్, ఎం మీట ఎస్ దగ్గర ఉంది. అది సింగిల్ సర్వో, సగం నొక్కగానే ఫోకస్ లాక్ అవుద్ది, ఫోకస్ దొరక్కపోతే షట్టర్ పడదు. సీ పెడితే కంటిన్యువస్, అక్కడ రూల్ తిరగబడుద్ది, ఫోకస్ ఉన్నా లేకున్నా నొక్కితే పడుద్ది. ఎస్ పెట్టుకోవడంలో తప్పేం లేదు. కానీ ఏ పాయింట్‌తో ఫోకస్ పట్టాలో చెప్పే ఏరియా మోడ్ డైనమిక్‌లో ఉంది. ఎఫ్80లో సింగిల్ సర్వోకి డైనమిక్ కలిస్తే, మనం మార్చకుండా ఉంటే, అయిదు పాయింట్లలో ఏది దగ్గర వస్తువుని చూస్తే దాన్నే పట్టుకునే పద్ధతి నడుస్తది. పెళ్ళి ఫోటోల్లో అది బ్రహ్మాండం, దగ్గర ఉన్నది పెళ్ళికూతురే కాబట్టి. మేనమామ స్టూడియో కెమెరా కాబట్టి అట్టా పెట్టుంటాడు. గిత్త ముందు మాత్రం పగ్గం ఉంటది, కొమ్ము కొస ఉంటది, పట్టుకున్న మనిషి మోచెయ్యి ఉంటది.

ఇక్కడ ఒక లాజిక్ ఉంది, కేస్ మొత్తానికీ అదే కీలకం. దగ్గర వస్తువుని పట్టే సెట్టింగ్ తప్పు చేస్తే ముందుకే తప్పుద్ది. అది ఎప్పటికీ కన్ను వదిలేసి చెవి మీదకి పోదు. అంటే ఈ సెట్టింగ్ సరిచేస్తే ముందుకి తప్పే ఫ్రేములు పోవాలి, వెనక్కి తప్పేవి అట్టాగే మిగలాలి. రెండూ పోతే నా అనుమానం తప్పు, సెట్టింగ్ ఒక్కటే జబ్బు అన్నమాట.

సింగిల్ ఏరియా పెట్టి, మధ్య పాయింట్ లాక్ చేసి, ఒక పని చెప్పి పంపించా. ప్రతి ఫ్రేముకీ ఎపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే కంత, ఎఫ్/ పక్కన అంకె ఎంత చిన్నదైతే కంత అంత పెద్దది), దూరం, టైము చిన్న పుస్తకంలో రాసుకోమన్నా. ఎఫ్80ఎస్ అని ఒక మోడల్ ఉంది, అదైతే షట్టర్ స్పీడు, ఎపర్చర్ ఫ్రేముల మధ్య ఫిల్మ్ మీదే అచ్చేస్తది, ఇది ఆ మోడల్ కాదు కాబట్టి పెన్సిలే గతి. బ్యాటరీలు కొత్తవి వేయించా, లెన్సు కాంటాక్టులు తుడిచా. అన్నట్టు, డి లెన్సు ఎపర్చర్ రింగు 22 దగ్గర లాక్ చెయ్యకపోతే ఎఫ్ఈఈ అని మెరుస్తా షట్టర్ పడదు, దానికి కూడా "కెమెరా చచ్చిపోయింది" అని మోసుకొచ్చేవాళ్ళు ఉన్నారు, అది కూడా చెప్పి పంపించా.

రోలు కడిగించుకొచ్చాడు. ముందుకి తప్పిన ఫ్రేము ఒక్కటీ లేదు. వెనక్కి తప్పినవి మాత్రం అట్టాగే మిగిలినయి.

వెలుతురా, ఎపర్చరా

పుస్తకం చూస్తే కథ అక్కడే ఉంది. పగలు తీసినవన్నీ ఎఫ్/8, ఎఫ్/5.6. సాయంత్రం తీసినవన్నీ ఎఫ్/1.8, ఎఫ్/2. 200 ఫిల్మ్ వేసుకుని మంచి ఎండలో ఎఫ్/1.8 పెడదామన్నా 1/4000తో సరిపోదు, కాబట్టి మనోడు పగలు ఎపర్చర్ తెరిచే ప్రసక్తే లేదు. సాయంత్రం అయితే తెరవక తప్పదు. అంటే టైముతో పాటు ఎపర్చర్ కూడా మారుతోంది, రెండూ చెయ్యి చెయ్యి పట్టుకుని నడుస్తున్నయి, అందరూ వెలుతురునే చూశారు.

లెక్క చూడండి. 50 ఎంఎం లెన్సు, ఒక మీటర్ దూరం, ఎఫ్/1.8 అయితే క్లియర్‌గా ఉండే మందం మొత్తం 4 సెంటీమీటర్లు, అంటే ముందు 2 వెనక 2. అదే ఎఫ్/8 అయితే 18 సెంటీమీటర్ల దాకా ఉంటది. ఫిల్మ్ వైపు నించి చూస్తే ఎఫ్/1.8కి అటూ ఇటూ 0.05 మి.మీ తేడా దాకానే చెల్లుద్ది, ఎఫ్/8కి 0.24 మి.మీ దాకా. కెమెరా పగలూ రాత్రీ ఒకే తప్పు చేస్తుంది, పగలు ఆ తప్పుని ఎపర్చర్ కప్పేస్తోంది.

ఈ అనుమానం నిజమో కాదో తేల్చడానికి వెలుతురునీ ఎపర్చర్‌నీ విడదీయాలి. జూమ్ పెట్టి షాపు ముందు ఒక ముక్క బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద తీసి నేనే కడిగా, 80 దగ్గర ఎఫ్/5.6, అన్నీ బాగున్నయి. అది పనికొచ్చే టెస్టు కాలేదు. ఎఫ్/5.6కి ఫిల్మ్ దగ్గర 0.17 మి.మీ దాకా చెల్లుద్ది కాబట్టి బాగున్నయి అంటే తప్పు లేదని కాదు, ఉన్నా అంతకు మించలేదని మాత్రమే. మొదట చూసినాయన లెన్సు మీదకి పోవడానికి కారణం కూడా ఇదే అయ్యుంటది, జూమ్ బాగుంది, 50 బాగాలేదు, కాబట్టి 50 పోయింది అని.

మూడు దారులు

ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్‌లో లెన్సు నించి వచ్చిన వెలుతురు మూడు చోట్లకి పోవాలి. అద్దం కింద ఉన్నప్పుడు ఎక్కువ భాగం పైకి, వ్యూఫైండర్లో మనకి బొమ్మ కనపడే ఫోకసింగ్ స్క్రీన్ మీదకి. అద్దం మధ్య భాగం సగం పారదర్శకం, దాంట్లోంచి కొంత దూరి, వెనక వేలాడే చిన్న సబ్-మిర్రర్ మీద పడి, కిందకి మళ్ళి, మిర్రర్ బాక్స్ అడుగున ఉన్న ఏఎఫ్ మాడ్యూల్‌కి పోద్ది. మాడ్యూల్లో చిన్న కటకాల జత లెన్సు రెండు అంచుల నించి వచ్చిన వెలుతురుని రెండు బొమ్మలుగా సెన్సార్ గీత మీద వేస్తది, ఆ రెండిటి మధ్య ఎడం కొలిచి ఫోకస్ ముందుందా వెనకుందా ఎంత అని చెప్తది. నొక్కాక రెండద్దాలూ లేచి వెలుతురు మూడో దారిన ఫిల్మ్ మీదకి పోద్ది. మూడు దారుల పొడవూ సమానంగా ఉండాలి. పచ్చ చుక్క చెప్పేది రెండో దారి సంగతే, ఫిల్మ్ దగ్గర ఏం జరుగుద్దో దానికి తెలీదు.

వ్యూఫైండర్లో చూసే మనిషి కన్ను ఈ తప్పుని ఎందుకు పట్టలేదంటే, ఈ తరం స్క్రీన్లు జూమ్ లెన్సులతో కూడా వెలుతురుగా కనపడేట్టు చేసినవి, ఎఫ్/1.8 లెన్సు పెట్టినా దాని అసలు పల్చదనం స్క్రీన్ మీద కనపడదు. పాత మాన్యువల్ కెమెరాల్లో ఫోకస్ తప్పితే బొమ్మని రెండు ముక్కలుగా చూపించే స్ప్లిట్ ఇమేజ్ కూడా లేదు.

కాబట్టి ఫిల్మ్ తగలెయ్యకుండా ఫిల్మ్ ఉండే చోటే నేరుగా చూడాలి. వెనక తలుపు తీసి, పాత కెమెరా నించి కోసిన గ్రౌండ్ గ్లాస్ (బొమ్మ పడితే కనపడే గరుకు గాజు) ముక్కని, గరుకు వైపు లెన్సుకి ఉండేట్టు, లోపలి పట్టాల మీద పెట్టా. పట్టాలు రెండు జతలు ఉంటయి, బయటి జత ప్రెషర్ ప్లేటు ఆనేది, లోపలి జత ఫిల్మ్ ఆనేది. బయటి జత మీద పెడితే ఆ కాస్త ఎత్తుకే రిజల్ట్ మారిపోద్ది.

టార్గెట్ ఏంటంటే అక్షరాలు అచ్చేసిన అట్టపెట్టె ఒకటి, కెమెరాకి సూటిగా. దాని పక్కనే ఏటవాలుగా స్టీలు స్కేలు. చాలామంది పేపరుని 45 డిగ్రీల్లో వాల్చి దాని మీదే ఫోకస్ చేస్తారు, అది తప్పుదారి పట్టిస్తది, ఎందుకంటే సెన్సార్ చూసే జాగా వ్యూఫైండర్లో గీసిన గుర్తు కంటే పెద్దది, వాలుగా ఉన్న పేపర్లో అది ఎక్కడ పట్టుకుందో మనకి తెలీదు. ఫోకస్ సూటి దాని మీద, కొలత వాలు దాని మీద.

పద్ధతి ఇట్టా. సగం నొక్కి చుక్క వెలగనిచ్చి, లెన్సు కదలకుండా మీట ఎం (చేత్తో ఫోకస్) కి మార్చి, బల్బ్ (నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే సెట్టింగ్) పెట్టి కేబుల్ రిలీజ్ బిగించి షట్టర్ తెరిచి ఉంచా, ఎపర్చర్ ఎఫ్/1.8. తర్వాత లూప్‌తో చూడటమే. ఒకసారి లెన్సుని అనంతం నించి, ఒకసారి దగ్గర నించి మొదలుపెట్టించా. బాడీ మోటారు స్క్రూతో లెన్సుని తిప్పే పద్ధతి కాబట్టి దాంట్లో వదులు ఉంటే రెండు వైపుల నించి వచ్చినప్పుడు రెండు రకాల తప్పు రావాలి. రాలేదు. ఎటు నించి వచ్చినా మీటర్ దూరంలో 6 సెంటీమీటర్లు వెనక్కే. రెండో 50 పెట్టినా అదే. లెన్సుల మీద కేసు అక్కడితో కొట్టేశా.

తర్వాత ఆటోఫోకస్ ఆపేసి, స్క్రీన్ చూస్తా చేత్తో ఫోకస్ చేసి మళ్ళీ గ్లాసు చూశా. స్క్రీన్ మీద చేత్తో పెడితే అటూ ఇటూ కొంచెం చెదురుద్ది, కానీ చెదిరింది అట్టపెట్టె చుట్టూనే, ఒక పక్కకి లాగలేదు. అంటే మొదటి దారి, మూడో దారి ఒకే మాట చెప్తున్నయి, రెండో దారి ఒక్కటే వేరే మాట.

ఆ రెండో దారిలో కూడా అనుమానించాల్సినవి రెండు. మాడ్యూల్ కిటికీ మీద దుమ్ము ఉంటే లెన్సు వెతుకులాడుద్ది, ఒకే వైపు ఒకే కొలత తప్పదు, కాబట్టి దుమ్ము కాదు, కొలతే మారింది. పక్క పాయింట్లు కూడా టెస్ట్ చేశా. ఎడమ, కుడి ఒకేలా తప్పుతున్నయి, పైదానికీ కిందదానికీ మాత్రం తేడా ఉంది. సబ్-మిర్రర్ కీలు అడ్డంగా ఉంటది, అది పూర్తిగా తెరుచుకోకపోతే ఇట్టాగే రావాలి.

దొరికింది, దాన్నేం చెయ్యాలి

పుల్లతో పెద్ద అద్దం అంచు పట్టి మెల్లగా ఎత్తి, టార్చి వేసి పక్క నించి చూస్తే సబ్-మిర్రర్ ఆనే స్టాపర్ పిన్ను మీద నల్లటి పలుకు ఒకటి అంటుకుని ఉంది. అద్దం పైకి కొట్టుకునే చోట ఉండే డ్యాంపర్ ఫోమ్ ముక్క. ఏ కంపెనీ కెమెరా అయినా ఆ ఫోమ్‌కి వయసైపోతే జిగురుగా కరిగిపోద్ది, సముద్రం పక్కన ఉండే మన ఉక్కకి, తలుపేసిన బీరువాకి ఇంకొంచెం తొందరగా. అద్దం మీద అడ్డంగా తుడిచిన గీతలు కూడా ఉన్నయి, ఎవరో ఎప్పుడో దూదిపుల్ల పెట్టి తుడిచారు, అప్పుడే కరిగిన ఫోమ్ అక్కడికి చేరిందని నా అంచనా, గట్టిగా చెప్పలేను.

ఇక్కడ ఒక నిర్ణయం ఉంది. సబ్-మిర్రర్ కోణం సరిచేసే ఎక్సెంట్రిక్ స్క్రూ ఉంటది, గ్లాసు చూసుకుంటా దాన్ని కొంచెం తిప్పితే 6 సెంటీమీటర్లు సున్నా అవుద్ది, పని అయిపోద్ది, కస్టమర్ సంతోషం. తక్కెడ తట్టకి అంటిన మట్టి కడగకుండా రెండో వైపు పాసంగం కట్టినట్టు ఉంటది అది. జిగురు పలుకు ఎండకి మెత్తబడుద్ది, అద్దం కొట్టుకునే కొద్దీ నలుగుద్ది, ఒక రోజు ఊడి పడిపోద్ది, అప్పుడు కెమెరా ఇంతే తప్పు ముందుకి చేస్తది. ఆ స్క్రూ మీద ఫ్యాక్టరీ వేసిన లక్క చెక్కుచెదరకుండా ఉంది. లక్క పగలని స్క్రూ అంటే దాన్ని ఎవరూ కదపలేదని, తప్పు దానిది కాదని అర్థం.

కాబట్టి స్క్రూ ముట్టుకోలేదు. పుల్ల కొసకి నూగు రాలని కాగితం చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి మాత్రం తగిలించి పిన్ను శుభ్రం చేశా. తడి ఎక్కువైతే పైన ఉన్న ప్లాస్టిక్ స్క్రీన్ పాడైద్ది, అద్దాల పూత ముందు వైపే ఉంటది కాబట్టి దానికీ తగలకూడదు. మిగిలిన పాత ఫోమ్ మొత్తం గీకి తీసి కొత్త స్ట్రిప్ అంటించా. ఇది చెయ్యకపోతే ఇంకో పలుకు రాలుద్ది, మళ్ళీ ఇదే కథ. మాడ్యూల్ కిటికీకి చేతి బ్లోయర్ గాలి, అంతకు మించి ఏం లేదు.

మళ్ళీ గ్లాసు పెట్టి చూస్తే మీటర్ దూరంలో తేడా ఒక సెంటీమీటర్ లోపు, అది కూడా ఒకసారి ముందుకి ఒకసారి వెనక్కి. ఆటోఫోకస్‌కి ఆ మాత్రం చెదరడం సహజం. పై పాయింటూ కింద పాయింటూ కూడా కలిశాయి.

తర్వాత

సాయంత్రం ఎఫ్/1.8లో తీసిన రోలు తెచ్చాడు. కన్ను మీద పెట్టినవి కన్ను మీదే ఉన్నయి. ఇంకో కంప్లైంట్ మాత్రం కొత్తగా మిగిలింది, గిత్త డొక్క మీద పాయింట్ పెడితే లెన్సు గిరగిరా తిరిగి ఆగిపోతోందని. అది రిపేర్ చేసేది కాదు. రెండు బొమ్మల ఎడం కొలిచే ఈ పద్ధతికి (ఫేజ్ డిటెక్షన్) గీతో అంచో కావాలి, తెల్లగా నున్నగా ఉండే ఒంగోలు జాతి డొక్కలో దానికి పట్టు దొరకదు, చీమకుర్తిలో పాలిష్ పట్టిన నల్ల గ్రానైట్ పలక మీద కూడా ఇదే తంతు. పక్క పాయింట్లు క్రాస్ టైపు కావు, ఒక దిక్కు గీతలే చూస్తయి, కాబట్టి వాటితో ఇంకా కష్టం. మధ్య పాయింట్‌తో కన్ను గానీ, కొమ్ము మొదలు గానీ, మెడలో గంటల పట్టెడ గానీ, అదే దూరంలో ఉన్నది ఏదైనా పట్టి, సగం నొక్కి ఉంచి, ఫ్రేము సర్దుకుని తీయమన్నా. దగ్గర నించి ఎఫ్/1.8లో తీసేటప్పుడు మరీ ఎక్కువ సర్దినా ఫోకస్ జారుద్ది, అప్పుడు ఎపర్చర్ ఒక స్టాప్ (ఒక మెట్టు) మూసుకోవాలి.

ముందు దీపం సంగతి కూడా వచ్చింది. చీకట్లో ఏఎఫ్‌కి సాయంగా వెలిగే ల్యాంపు కొత్త గిత్తల కళ్ళలో పడితే బెదిరి తల విదిలిస్తున్నయంట, కస్టమ్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేశా.

ఇప్పుడు ఇట్టాంటి బాడీ వస్తే అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడు పోతోంది అని కాదు, ఎటు పోతోంది, ఏ ఎపర్చర్లో పోతోంది అని. జవాబు తెలియకపోతే పుస్తకం ఇచ్చి ఒక రోలు తీసుకురమ్మంటా, రోలు ఖరీదు గుర్తొచ్చి మొహం మాడ్చుకుంటారు గానీ అనవసరంగా కొన్న రెండో లెన్సు కంటే అది చవకే. మనోడి రెండో 50 కూడా మంచిదే, వెనక గ్లాసు అంచున ఫంగస్ ఇప్పుడే మొదలైంది, అది తీయించుకుని అమ్ముకోమని చెప్పా, ఇంకా తేలేదు.